మోడు నుంచి ముక్కాలి పీట

తుపాను వెలిసిన మర్నాడు ఊరిలో ముందుగా వినిపించేది రంపపు చప్పుడు. దారికి అడ్డంగా ఒరిగిన చెట్ల కొమ్మలను నరికి, మానులను ముక్కలు చేసి, బండ్లకెత్తి తరలిస్తారు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు జరిగినది ఇదే. 2019 మే 3న ఫణి తుపాను పూరీ సమీపాన, 2020 మే 20న అంఫన్ తుపాను బెంగాలు తీరాన విరుచుకుపడినప్పుడు జరిగినదీ ఇదే. తరతరాలుగా నీడనిచ్చిన వృక్షాలు కొద్ది దినాలలో వంటచెరకుగా మారిపోయాయి. చిట్టచివరకు ఎవరికీ పట్టక మిగిలిపోయేది వేళ్లతో సహా పెళ్లగిలిన మొద్దు. బండికెత్తుదామంటే మోయలేని బరువు. కోత మిల్లుకు పంపుదామంటే వంకరటింకర ఆకారం. పొయ్యిలో పెడదామంటే గొడ్డలికి లొంగని మొండితనం. అందుచేత అది దారి పక్కన పడి చెదలకు ఆహారమవుతుంది.

నిజానికి చెట్టు మొత్తంలో మిక్కిలి దృఢమైన భాగాలలో ఇది ఒకటి. గాలి ఊపునంతటినీ కడపట భరించేది చెట్టు మొదలే. మాను వేళ్లుగా చీలే చోట చెక్కలోని నారలు మెలితిరిగి ఒకదానిలో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. గొడ్డలి దెబ్బకు అది నిలువునా చీలకపోవడానికి కారణం ఈ పెనవేతే. మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. మాంసం దుకాణాలలో కత్తి దెబ్బలను ఏళ్ల తరబడి తట్టుకొనే చింత మొద్దు, పల్లెటూరి లోగిళ్లలో రోకటి పోట్లకు చెదరని కొయ్యరోలు ఇందుకు సాక్ష్యాలు. కొడగు, చిక్కమగళూరు ప్రాంతాలలో ముసలి కాఫీ మొక్కలను పెకలించినప్పుడు వాటి మెలితిరిగిన మొదళ్లను పారవేయక బల్లలకు కాళ్లుగా అమర్చుతున్నారు.

అట్టి మొద్దును ఒక పీటగానో, బల్లగానో మలచుకోవడం సామాన్య గృహస్థుకు అసాధ్యమైన పని కాదు. పనిముట్లు కొద్దివి చాలు. కాని అందుకు ఓర్పు మెండుగా కావాలి. మొద్దులో దాగిన నీరు ఎంత నెమ్మదిగా బయటికి పోతుందో, పీట అంత కాలం నిలుస్తుంది. తొందరపడినవాని చేతికి మిగిలేది కట్టెలే.

మోడుకు ప్రాణముందా?

రంపం పట్టడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ మోడు నిజంగా చచ్చినదేనా? మోడు చిగురించడమనేది మన భాషలో కేవలం కవితా కల్పన కాదు. టేకు, నీలగిరి, వేప, కానుగ వంటి జాతులు నరికిన మొదలు నుంచి తిరిగి పిలకలు వేయగలవు. వేళ్లు నేలలోనే ఉండి, బెరడు కింద గోటితో గీకినప్పుడు పచ్చదనం కనిపిస్తే, ఆ మొద్దును ఒక వానకాలం పాటు ముట్టుకోకుండా విడిచిపెట్టడం మేలు. వచ్చిన పిలకలలో బలమైన ఒకటి రెండింటిని ఉంచి తక్కినవి తీసివేస్తే, పాత వేళ్ల అండతో కొత్త చెట్టు త్వరత్వరగా ఎదుగుతుంది. దానికంటె విలువైన పీట ఏదీ ఉండదు.

అడవిలోని మొద్దు మాటే వేరు. అది పురుగులకు, శిలీంధ్రాలకు, బల్లులకు, పక్షులకు ఆశ్రయం. కుళ్లి మట్టిలో కలవడమే దాని ధర్మం. పైగా రక్షితారణ్యాల నుంచి కలప తీయడం చట్టరీత్యా నేరం. ఊళ్లలో సైతం చెట్టును కూల్చదలచినవారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో అమలులో ఉన్న 2002వ సంవత్సరపు జల, భూ, వృక్ష చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని ముందుగా అనుమతి పొందాలి. ఎర్రచందనం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దాని అంతర్జాతీయ వ్యాపారంపై 1995 నుంచి నియంత్రణ ఉన్నది. గాలివానకు కూలినవి, ఇంటి నిర్మాణానికో రోడ్డు విస్తరణకో అనుమతితో తొలగించినవి మాత్రమే మన పనికి తగిన మొద్దులు.

నీటి లెక్క

పచ్చి చెక్కలో ఉండే నీటి బరువు, ఎండిన చెక్క బరువులో సగానికి మించి ఉండటం సాధారణం. కొన్ని జాతులలో రెండూ సమానంగా కూడా ఉంటాయి. ఈ నీటిలో కొంత భాగం కణాల బోలులో నిండి ఉంటుంది. తక్కినది కణాల గోడలలో ఇంకి ఉంటుంది. బోలులోని నీరు ఆవిరైనంత మాత్రాన చెక్క ఆకారం మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగిన తరువాత గోడలలోని నీరు వీడడం మొదలవుతుంది. చెక్క ముడుచుకొనేది అప్పుడే.

ఇక్కడే అసలు చిక్కున్నది. చెక్క అన్ని దిక్కులకూ ఒకే తీరుగా ముడుచుకోదు. మాను నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు ఎంత ముడుచుకొంటుందో, వలయాల వెంబడి చుట్టూ దాదాపు అందుకు రెట్టింపు ముడుచుకొంటుంది. ఉదాహరణకు రెండడుగుల వ్యాసం గల గుండ్రని బిళ్లను తీసుకొందాం. దాని చుట్టుకొలత సుమారు 75 అంగుళాలు. చెక్క వ్యాసం దిశలో 4 శాతం, చుట్టు దిశలో 8 శాతం ముడుచుకొనే జాతికి చెందినదనుకొంటే, చుట్టుకొలతలో 4 శాతం, అనగా 3 అంగుళాల మేర లోటు పడుతుంది. ఆ లోటు ఎక్కడో ఒక చోట పగులుగా బయటపడక తప్పదు. ఎండిన బిళ్లలు అంచు నుంచి నడిబొడ్డు వరకు విచ్చుకొనడంలోని రహస్యం ఇదే. వడ్రంగి పనితనంలో లోపం వలన జరిగేది కాదు ఇది; చెక్క స్వభావం.

మృదంగం తయారుచేసేవారు పనస మొద్దును లోపల తొలిచి బోలుగా చేస్తారు. నడిబొడ్డు పోయిన చెక్క తన ముడుతకు తగినట్లు లోనికి సర్దుకొనగలదు గనుక పగులు భయం తగ్గుతుంది. మొద్దును ముక్కలుగా కోయకుండా నిలువుగానే ఆసనంగా వాడదలచినవారు అడుగు వైపు నుంచి నడుమ భాగాన్ని తొలిచివేస్తే రెండు లాభాలు: పగులు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. అడుగున్నర వ్యాసం, అడుగున్నర ఎత్తు గల వేప మొద్దు బాగా ఎండిన తరువాత కూడా 50 కిలోలు దాటుతుందని గుర్తుంచుకోవాలి.

అన్ని జాతులూ ఒకే విధంగా ప్రవర్తించవు. మన నగరాలలో రోడ్ల పక్కన గొడుగులా విస్తరించే నిద్రగన్నేరు చాలా తక్కువగా ముడుచుకొంటుంది. కనుక గుండ్రని బల్ల పైభాగానికి అది మిక్కిలి అనువైనది. వేప, నల్లతుమ్మ, చింత చేవ గల కర్రలు. మామిడి మెత్తనిది, పనికి సులువైనది. కాని పురుగు తొందరగా పడుతుంది. నీలగిరి విపరీతంగా పగులుతుంది. తాటి, కొబ్బరి మొద్దులలో చేవ అంచున ఉండి నడుమ మెత్తని పీచు ఉంటుంది గనుక వాటిని తొలిచి తొట్లుగా వాడుకోవడమే ఉచితం.

పగులును దాచనివాడు

పగులును దోషంగా కాక చెక్క చరిత్రలో ఒక భాగంగా చూడటం లోకానికి నేర్పిన కళాకారులలో జార్జి నకషిమా (1905-1990) అగ్రగణ్యుడు. జపాను సంతతికి చెందిన ఈ అమెరికను వాస్తుశిల్పికి మన దేశంతో గాఢమైన అనుబంధం ఉన్నది. పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమంలో ఆంటొనిన్ రేమండ్ రూపకల్పన చేసిన వసతి గృహ నిర్మాణాన్ని పర్యవేక్షించడానికి ఆయన 1937లో అక్కడికి వచ్చి, ఆశ్రమవాసిగా మారి, సుందరానంద అనే నామం పొందాడు. ఆ భవనం పేరు గోల్కొండ. హైదరాబాదు సంస్థానపు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా అందిన విరాళమే ఆ పేరుకు కారణం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, అనేకమంది జపాను సంతతివారితో పాటు నకషిమా కూడా భార్యతో, పసికందుతో సహా అమెరికాలో నిర్బంధ శిబిరం పాలయ్యాడు. ఆ శిబిరంలోనే ఒక జపాను వడ్రంగి వద్ద సంప్రదాయపు పనితనం నేర్చుకొన్నాడు. 1943లో విడుదలై పెన్సిల్వేనియాలో స్థిరపడినప్పుడు మేలిరకపు కలప కొనే స్తోమత లేక, ఇతరులు పనికిరావని తీసిపారవేసిన ముక్కలతో బల్లలు చేయసాగాడు. అంచులను సరళరేఖలుగా కోయక చెట్టు ఇచ్చిన ఆకారంలోనే ఉంచాడు. పగుళ్లను పూడ్చి కప్పిపెట్టక, అవి మరింత విచ్చుకోకుండా సీతాకోకచిలుక రెక్కల ఆకారం గల గట్టి చెక్క బిళ్లలను అడ్డంగా పొదిగాడు. పేదరికం నేర్పిన ఈ పద్ధతే కాలక్రమాన ఆయన ముద్రగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 1964లో ఆయన అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చి, అక్కడ తయారు చేయడానికి కొన్ని నమూనాలు రూపొందించాడు కూడా.

పురుగు నుంచి రక్షణ

నీటి తరువాత చెక్కకు శత్రువులు చెద, తొలుచు పురుగు. ఈ రంగంలో భారతీయ శాస్త్రజ్ఞుని కృషి చిరస్మరణీయం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమంతో కలపను సంరక్షించే పద్ధతిని కనిపెట్టాడు. స్తంభాలకు, ఆరుబయటి కట్టడాలకు వాడే కలప కోసం అది ప్రపంచమంతటా వ్యాపించింది. అయితే అందులోని ఆర్సెనిక్ విషపదార్థం కావడం వలన అమెరికాలో 2003 చివరి నుంచి చాలా మేరకు ఇండ్ల అవసరాలకు దాని వాడకాన్ని విరమించారు. కనుక అట్టి మందు పట్టించిన పాత స్తంభాల ముక్కలను కూర్చునే పీటలకు, వంటింటి సామానుకు వాడరాదు. పొయ్యిలో కాల్చనూ రాదు.

ఇంటి లోపల వాడే పీటకు వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన సుమారు 5 శాతం ద్రావణం చాలు. చెక్క ఇంకా తడిగా ఉండగానే దీనిని ధారాళంగా పట్టిస్తే లోనికి బాగా ఇంకుతుంది. వానలో తడిస్తే ఈ మందు కరిగి పోతుంది గనుక ఆరుబయట ఉంచే సామానుకు ఇది నిలవదు. పసిపిల్లలకు అందకుండా కలపాలి. చేతులకు తొడుగులు ఉండాలి.

పని చేసే తీరు

మొద్దును తవ్వి తీసిన తరువాత వేళ్ల సందులలోని మట్టిని, గులకరాళ్లను నీటితో పూర్తిగా కడగాలి. ఒక్క రాయి చాలు రంపపు పళ్లు మొద్దుబారడానికి. దారి పక్కన పెరిగిన చెట్టయితే ప్రకటనల కోసం కొట్టిన మేకులు, తీగలు చెక్కలో కూరుకుపోయి ఉంటాయి. వాటిని వెదకి తీయకుండా మర రంపం పెట్టడం ప్రాణాపాయం. మర రంపం వాడకంలో అనుభవం లేనివారు కోతపనిని నిపుణునికే అప్పగించడం శ్రేయస్కరం.

బెరడును పూర్తిగా ఒలిచివేయాలి. చూపుకు అందంగా ఉన్నదని ఉంచితే దాని కింద పురుగులు కాపురం పెడతాయి. ఎండిన కొద్దీ అది తనంతట తానే ఊడిపోతుంది. పీటకు మూడు అంగుళాల మందం గల బిళ్ల సరిపోతుంది. కోసిన దినమే మందు పట్టించి, తడి ఇంకగానే రెండు కోత ముఖాలకూ కరిగిన మైనం గాని, చిక్కటి రంగు గాని పూయాలి. నీరు ఎక్కువ వేగంగా తప్పించుకొనే మార్గం ఆ ముఖాలే. అంచు నుంచి నడిబొడ్డు దాకా రంపంతో ముందుగానే ఒక గాటు పెడితే, చెక్క చాలావరకు ఆ గాటు వద్దనే విచ్చుకొని, తక్కిన భాగం నిలుస్తుంది.

ఆ బిళ్లను ఎండ, వాన తగలని, గాలి ఆడే చోట, కింద ఇటుకలో కర్రలో పెట్టి ఎత్తుగా ఉంచాలి. పలకలకైతే అంగుళం మందానికి ఏడాది అన్నది వడ్రంగుల పాత లెక్క. నెలకొకసారి తూచి, బరువు రాసుకొంటూ పోవాలి. వరుసగా మూడు నాలుగు నెలలు బరువు మారకపోతే చెక్క ఆ ప్రాంతపు గాలితో సమాధానపడినట్లే. అనంతపురం ఎండలో ఆరిన పీట విశాఖ తీరపు తేమలో కొంత ఉబ్బుతుంది. కనుక వాడబోయే ఊరిలోనే ఆరబెట్టడం ఉత్తమం.

ఎండిన బిళ్లను చిత్రిక పట్టి, గరుకు కాగితంతో ముందు ముతకగా, పిదప నున్నగా రుద్దాలి. కాళ్లు మూడే చాలు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ల పీట ఊగదు. మన ముక్కాలి పీటలోని వివేకం అదే. కాళ్లకు అదే చెట్టు కొమ్మలను వాడవచ్చు, కాని అవి బిళ్లకంటె బాగా ఎండి ఉండాలి. బర్మాతో అడుగున కొద్దిగా ఏటవాలుగా బెజ్జాలు వేసి, కాళ్ల కొనలను వాటికి సరిపడ గుండ్రంగా చెక్కి, బిగువుగా దిగగొట్టాలి. బిళ్లలో మిగిలిన కొద్దిపాటి తేమ పోయేకొద్దీ బెజ్జం కాలిని మరింత గట్టిగా పట్టుకొంటుంది. మేకు అవసరమే ఉండదు. ఆ పైన రసమట్టంతో చూసి కాళ్లను సమంగా కోయాలి.

చివరగా పలుచగా అవిసె నూనె పట్టించి, ఆరిన పిదప తేనె మైనంతో మెరుగు పెడితే చెక్క రేఖలన్నీ తేటగా కనిపిస్తాయి. ఒక్క హెచ్చరిక: అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేస్తే అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనే ప్రమాదమున్నది. వాటిని విప్పి ఆరుబయట పరచి ఆరనివ్వాలి, లేదా నీటిలో ముంచాలి.

మూడంగుళాల బిళ్ల ఆరడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మొద్దును తీసిన గోతిని పూడ్చి, ఆ దాపులనే ఒక వేప మొక్కను గాని, కానుగ మొక్కను గాని నాటి, నీరు పోసి కాపాడితే, పీట సిద్ధమయ్యే నాటికి ఆ మొక్క మనిషి ఎత్తు దాటి ఉంటుంది. పాత చెట్టు పీటపై కూర్చోవడానికి కొత్త చెట్టు నీడ కూడా అప్పటికి కొంత సమకూరుతుంది.