డాబా మీది ఎండ, స్నానానికి వేడినీళ్లు

స్నానపు నీళ్లకు 40 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు. ఆ కాస్త వేడి కోసం ఎక్కడో బొగ్గు కాల్చి, ఆవిరితో టర్బైన్లు తిప్పి, తీగల మీదుగా తెచ్చుకున్న కరెంటును గీజర్లలో ఖర్చు పెడుతున్నాం. అదే ఇంటి డాబా మాత్రం కాలు పెట్టలేనంతగా కాగుతూ ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న మధ్యాహ్నం, సూర్యునికి ఎదురుగా ఉంచిన ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. ఎండను పట్టుకోవడం తేలికే. పట్టుకున్న వేడిని జారిపోకుండా నిలుపుకోవడంలోనే పనితనమంతా ఉంది.

1767లో జెనీవా శాస్త్రవేత్త ఒరాస్ బెనెడిక్ట్ ద సోస్యూర్ గాజు మూతల పెట్టెలతో ప్రయోగాలు మొదలుపెట్టి, లోపలి వేడిని నీరు మరిగే స్థాయిని దాటించాడు. పెట్టెను చల్లని కొండ మీదికి మోసుకెళ్లి చూసినా లోపలి వేడి దాదాపు తగ్గలేదు. 1891లో అమెరికాలోని బాల్టిమోర్ నగరవాసి క్లారెన్స్ కెంప్ నల్లరంగు వేసిన నీళ్ల తొట్లను గాజు పెట్టెలో అమర్చి పేటెంటు పొందాడు. అయితే ఆ నీళ్లు రాత్రికి చల్లారిపోయేవి. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఎండను పట్టే భాగాన్నీ, నీళ్లు నిలవుండే ట్యాంకునూ విడదీశాడు. ట్యాంకుకు ఉష్ణరక్షణ కల్పించడంతో మర్నాడు ఉదయానికీ వేడినీళ్లు దొరికాయి. నేటి ఫ్లాట్ ప్లేట్ హీటర్లకు మూలం ఈ ఏర్పాటే.

ఇంట్లో తయారు చేసుకోవాలంటే రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న పెట్టె కావాలి. అడుగున ఐదు సెంటీమీటర్ల మందాన రాక్‌వూల్ పరచాలి. చవక కదా అని థర్మోకోల్ వాడకూడదు. నీళ్లు లేని పెట్టె ఎండలో 100 డిగ్రీలు దాటగలదు. ఆ వేడికి థర్మోకోల్ కుంచించుకుపోతుంది. రాక్‌వూల్ మీద మెరుపులేని నల్లరంగు పూసిన రాగి రేకు, దానికి అతికిన అరంగుళం రాగి గొట్టాలు, వాటిని పైనా కిందా కలిపే అంగుళం గొట్టాలు ఉంటాయి. గొట్టం పొడవునా రేకుకు టంకం పట్టి ఉండాలి. అక్కడక్కడ చుక్కలు పెట్టి వదిలేస్తే మధ్యలో గాలి పొర మిగులుతుంది. రేకు కాలుతున్నా నీళ్లకు వేడి అందదు.

రేకుకు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున నాలుగు మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు బిగించాలి. గాజు ఎండను లోపలికి రానిస్తుంది కానీ, వేడెక్కిన రేకు వెలువరించే పరారుణ కిరణాలను నేరుగా బయటికి పోనివ్వదు. రేకును తాకి వేడిని ఎత్తుకుపోయే గాలినీ ఆపుతుంది.

100 లీటర్ల నీటిని 25 నుంచి 55 డిగ్రీలకు తేవడానికి సుమారు మూడున్నర యూనిట్ల శక్తి కావాలి. చదరపు మీటరుకు రోజుకు ఐదు యూనిట్ల ఎండ పడే చోట, రెండు చదరపు మీటర్ల మీద పది యూనిట్లు పడతాయి. అందులో మూడోవంతుకు కాస్త ఎక్కువ నిలబెట్టుకుంటే సరిపోతుంది.

పెట్టె దక్షిణానికి తిరిగి ఉండాలి. హైదరాబాదు అక్షాంశం సుమారు 17 డిగ్రీలు. వేడినీళ్ల అవసరం చలికాలంలోనే ఎక్కువ కాబట్టి, దానికి మరో పది, పదిహేను కలిపి 30 డిగ్రీల వాలు ఇవ్వడం మేలు. ట్యాంకు అడుగు పెట్టె పై అంచుకన్నా కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. వేడెక్కి తేలికైన నీరు పైకి, చల్లని నీరు కిందికి వాటంతట అవే తిరుగుతాయి, మోటారు అక్కర్లేదు. ఈ ఎత్తు తగ్గితే రాత్రివేళ ప్రవాహం వెనక్కి తిరిగి, పగలు కూడబెట్టిన వేడి పెట్టెగుండానే ఆకాశంలోకి పోతుంది.

ట్యాంకుకు గాలి గొట్టం తెరిచే ఉండాలి. మూస్తే ఆవిరి ఒత్తిడి ప్రమాదకరం. బోరు నీళ్లలోని లవణాలు గొట్టాల్లో గారకడతాయి కాబట్టి ఏటా శుభ్రం చేసుకోవాలి. నీళ్లు 60 డిగ్రీలు దాటితే చర్మం క్షణాల్లో కాలుతుంది. పిల్లలున్న ఇంట్లో చన్నీళ్లు కలిపే ఏర్పాటు తప్పనిసరి.

పని పూర్తయ్యాక మధ్యాహ్నం ట్యాంకు ఎంత కాగిందో చూసి సంతోషించడం సహజమే. కానీ సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున్నే మరోసారి థర్మామీటరు పెట్టి చూడాలి. ఆ రెండింటి తేడా ఎంత తక్కువైతే మీ పనితనం అంత గట్టిదని అర్థం.