ఒక్క పాట హిట్టు... మరి మిగతా పదకొండు?

‘‘ఈ ప్రాజెక్టు బాగుంది. ఇది కాకుండా ఇంకేం చేశావ్?’’

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న పడగానే నోరు పెగలని అనుభవం మీకూ ఉండొచ్చు. నాకైతే ఉంది. బీటెక్ ఫైనలియర్‌లో నేనో చిన్న యాప్ చేశాను. హాజరు 75 శాతం కంటే తగ్గకుండా ఇంకా ఎన్ని క్లాసులు బంక్ కొట్టొచ్చో అది లెక్క చెబుతుంది. కాలేజీ అంతా వాడారు. ఆ ఊపులో మరో రెండు యాప్‌లు చేస్తే ఎవరూ పట్టించుకోలేదు. ‘‘అన్నా, మళ్లీ బంక్ యాప్ లాంటిది చెయ్’’ అన్నారు జూనియర్లు. తర్వాత ఒక కంపెనీ ఇంటర్వ్యూలో పై ప్రశ్న అడిగారు. మిగతా రెండింటి గురించి నేనే సిగ్గుపడుతూ చెప్పాను. ఉద్యోగం రాలేదు.

అప్పట్లో హాస్టల్ గదిలో పదేపదే విన్న ఒక ఆల్బమ్ గురించి ఇప్పుడు చెబుతాను. దాని మీద శ్రోతలు చెప్పే మాటలు వింటే నా బంక్ యాప్ కథే గుర్తొస్తుంది.

పడకగదిలో పుట్టిన నంబర్ వన్

బ్యాండ్ పేరు వైట్ టౌన్. బ్యాండ్ అంటే నలుగురైదుగురు ఉంటారనుకుంటాం కదా. ఈ ఆల్బమ్ నాటికి ఇందులో ఉన్నది ఒక్కరే, జ్యోతి మిశ్రా. 1966లో ఒడిశాలోని రౌర్కెలాలో పుట్టారు. రౌర్కెలా అంటే మనకు ఎన్‌ఐటీ, స్టీల్ ప్లాంట్ గుర్తొస్తాయి. మిశ్రా మాత్రం చిన్నప్పుడే కుటుంబంతో ఇంగ్లండ్ వెళ్లి, డెర్బీ అనే ఊళ్లో పెరిగారు.

ఆయన ఖరీదైన స్టూడియో జోలికి పోలేదు. ఇంట్లోనే, 8 ట్రాక్‌ల క్యాసెట్ రికార్డర్ మీద ‘యువర్ ఉమన్’ పాట చేశారు. 1930ల నాటి ఒక రికార్డు నుంచి ట్రంపెట్ ముక్క తీసుకుని, దాని కింద డ్యాన్స్ బీట్ వేశారు. ఆ పాట మొదట వచ్చిన చిన్న రికార్డు పేరు ‘అబార్ట్, రీట్రై, ఫెయిల్?’. పాత డాస్ కంప్యూటర్లలో డిస్క్ చదవలేకపోతే తెర మీద వచ్చే ఎర్రర్ మెసేజ్ అది. మన బ్రాంచి వాళ్లకు అక్కడే నచ్చేస్తాడు!

బీబీసీ రేడియో 1లో మార్క్ రాడ్‌క్లిఫ్ ఆ పాట వేశారు. పెద్ద కంపెనీ ముందుకొచ్చింది. 1997 జనవరిలో పాట బ్రిటన్ చార్ట్‌లో మొదటి స్థానానికి చేరింది. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా వెళ్లింది. వెంటనే 12 పాటలతో ‘విమెన్ ఇన్ టెక్నాలజీ’ ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత వచ్చిన సింగిల్ ‘అన్‌డ్రెస్డ్’ మొదటి పాట దరిదాపులకు కూడా రాలేదు. అలా వైట్ టౌన్ పేరు ‘ఒక్క హిట్టు బ్యాండ్ల’ జాబితాలో పడిపోయింది.

విన్నవాళ్లు ఏమంటారు?

ఈ రకం సంగీతాన్ని ఆల్టర్నేటివ్ డ్యాన్స్ అంటారు. గిటార్లతో సాగే ఇండీ పాటకు, క్లబ్బుల్లో వినిపించే ఎలక్ట్రానిక్ బీట్‌కు ముడి వేయడం అన్నమాట. 1980ల్లో మాంచెస్టర్‌లో న్యూ ఆర్డర్ లాంటి బ్యాండ్లు ఈ దారి వేశాయి. ఆల్బమ్ విన్నవాళ్ల అభిప్రాయాలను ఒకచోట పెట్టి చూస్తే నాకు మూడు గుంపులు కనిపించాయి.

మొదటి గుంపు నిరాశపడ్డవాళ్లు. ఆ ట్రంపెట్ విని ఆల్బమ్ కొన్నారు. తీరా చూస్తే మిగతా పాటల్లో అలాంటిది ఇంకోటి లేదు. కొన్నింట్లో సింథసైజర్లు, కొన్నింట్లో గిటార్లు, కొన్ని నెమ్మదిగా సాగే ప్రేమ పాటలు. ‘‘ఒక్క పాట కోసం ఇంత డబ్బు పెట్టామా’’ అన్నది వీళ్ల బాధ. సీడీ రోజులవి. వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు.

రెండో గుంపు సాంకేతిక లోపాలు చెప్పేవాళ్లు. శబ్దం పలచగా ఉందంటారు. గొంతు బలంగా లేదంటారు. ఇంట్లో చేసిన పని అని తెలిసిపోతోందంటారు.

మూడో గుంపు చిన్నదే, కానీ గట్టిది. వీళ్లు హిట్ పాటను పక్కనపెట్టి మిగతావి విన్నారు. ‘థర్స్‌డే ఎట్ ద బ్లూ నోట్’, ‘ఎ వీక్ నెక్స్ట్ జూన్’ లాంటి పాటల దగ్గర ఆగారు. రెండో గుంపు లోపమన్న ఆ ఇంటి వాసనే వీళ్లకు ఇష్టం. ఒక మనిషి తన గదిలో కూర్చుని మనతో మాట్లాడుతున్నట్టుందంటారు. ఇవాళ ల్యాప్‌టాప్‌తో పడకగదిలో పాటలు చేసేవాళ్లు లెక్కలేనంత మంది. మిశ్రా ఆ పని క్యాసెట్ మీద ముందే చేశాడన్నది వీళ్ల వాదన.

నా మాట? మొదటిసారి విన్నప్పుడు నేనూ మొదటి గుంపే. నాలుగోసారికి మూడో గుంపులో చేరాను. అయినా ఆల్బమ్ చివరికొచ్చేసరికి కొంచెం సాగదీసినట్టే ఉంటుంది. అది మాత్రం మారలేదు.

ఒకే ఆల్బమ్, మూడు తీర్పులు

ఈ మూడు మాటలూ ఒకే రకమైనవి కావు. ‘హిట్ పాటలా లేదు’ అనేది శ్రోత ఏం ఆశించి వచ్చాడో చెబుతుంది. మిగతా పదకొండు పాటలు బాగున్నాయో లేదో చెప్పదు. ‘శబ్దం పలచగా ఉంది’ అనేది పని గురించిన మాట. దాన్ని సరిచేయొచ్చు, లేదా కావాలనే అలా ఉంచొచ్చు. ‘ఈ గొంతు నాకు నప్పదు’ అనేది అభిరుచి. దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

మనం చేసే తప్పేంటంటే, మూడింటినీ కలిపి ‘నాకు చేతకాదు’ అని ఒకే ముద్ద చేసుకోవడం. ‘మళ్లీ బంక్ యాప్ లాంటిది చెయ్’ అన్న జూనియర్లు నా రెండో యాప్‌ను తిట్టలేదు. అసలు చాలామంది దాన్ని తెరవనేలేదు. నేను మాత్రం అది పనికిరానిదని నమ్మేసి, ఇంటర్వ్యూలో అలాగే చెప్పాను. నిజానికి కోడ్ పరంగా అదే మెరుగైన పని. దానికి నిజమైన లోపం ఒక్కటే. లాగిన్ కావడానికి చాలాసేపు పట్టేది. ఒక్క స్నేహితుడు ఆ మాట చెప్పాడు. అందరి మాటల రొదలో నేను వినిపించుకోలేదు.

మరి మిశ్రా ఏం చేశారు? పెద్ద కంపెనీతో బంధం ఎక్కువకాలం నిలవలేదు. పాటలు చేయడం మాత్రం ఆగలేదు. 2000లో ‘పీక్ అండ్ పోక్’ ఆల్బమ్ తెచ్చారు. ఆ రెండూ బేసిక్ భాషలో కంప్యూటర్ మెమరీని చదవడానికి, రాయడానికి వాడే కమాండ్లు. తర్వాత 2006లో ఒకటి, 2011లో ఒకటి వచ్చాయి. ఏదీ చార్టులు ఎక్కలేదు. అయినా మూడో గుంపు శ్రోతలకు ప్రతిసారీ వినడానికి ఏదో ఒకటి ఉంది.

అందరూ ఇలాగే చేయాలని చెప్పను. మనకు ఇంటి అద్దె ఉంది, ఎడ్యుకేషన్ లోన్ ఉంది. ఉద్యోగం కావాలి. కాకపోతే ‘ఇంకేం చేశావ్?’ అన్న ప్రశ్నకు ఒక జవాబు ఉండాలి. రెండో ఇంటర్వ్యూలో నేను ఆ నెమ్మది యాప్ గురించే మాట్లాడాను. లాగిన్ ఎందుకు ఆలస్యమైందో, ఇప్పుడు చేస్తే ఏం మారుస్తానో చెప్పాను. బంక్ యాప్ మీద రెండు నిమిషాలు, దీని మీద ఇరవై నిమిషాలు అడిగారు. ఆ ఉద్యోగం వచ్చింది.

ఈ వారం చేసి చూడండి

* మీ పనుల్లో హిట్టయినదాన్ని రెజ్యూమెలో పైనే ఉంచండి. దాచక్కర్లేదు. దాని కిందే ఎవరూ పట్టించుకోని మరో పని పెట్టి, అందులో ఏం నేర్చుకున్నారో ఒక్క వాక్యం రాయండి.

* మీ ప్రాజెక్టు మీద వచ్చిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసి, మూడు గడులుగా విడదీయండి: వాళ్లు ఆశించింది వేరు, పనిలో లోపం, అభిరుచి. మధ్య గడిలో ఉన్నవాటిని ఇంటర్వ్యూకు ముందే సరిచేయండి.

* మీ పనులన్నింటినీ కలిపే దారం ఏంటో వెతకండి. నాది ‘విద్యార్థి రోజువారీ చిక్కులు’. అది దొరికితే మూడు ప్రాజెక్టులూ ఒక మనిషి చేసినట్టు కనిపిస్తాయి.

* వీలైతే ‘విమెన్ ఇన్ టెక్నాలజీ’ వినండి. హిట్ పాటను మాత్రం చివర్లో వినండి. మీరు ఏ గుంపులో ఉంటారో మీకే తెలుస్తుంది.