వేరుసెనగలో కంటికి కనబడని విషము

వేరుసెనగ ఒలిచిన పిమ్మట మంచి గింజలను అమ్మకమునకు పంపి, ముడుతలు పడినవి, పుచ్చినవి, రంగు మారినవి ఇంటికి ఉంచుకొనుట పలుచోట్ల వాడుక. ఆ గింజలే పచ్చడిలోనికో, గానుగకో, పశువుల తొట్టిలోనికో పోవుచుండును. ఈ వాడుకను ఎందుకు మానవలెనో ఇచట తెలుపబడినది.

విషము బయటపడిన విధము

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినవి. వాటి మేతలో బ్రెజిల్ దేశపు వేరుసెనగ చెక్క కలిసినట్లును, దానికి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పట్టినట్లును పరిశోధనలో తేలినది. ఆ బూజు పుట్టించు విషమే అఫ్లాటాక్సిన్. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయవ్యాధితో మరణించిరి. ఈ విషమును కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి తిన్నచో కాలేయమునకు క్యాన్సర్ రావచ్చును. హెపటైటిస్-బి ఉన్నవారికి ప్రమాదము మరింత అధికము.

వేయించినను, ఉడికించినను ఇది పూర్తిగా నశింపదు. నూనె తీసినపుడు అధికభాగము చెక్కలోనే నిలిచిపోవును. ఆ చెక్క తిన్న పశువు పాలలోనికి ఒకటి రెండు దినములలోనే విషము దిగును. ఆ పాలే మీ పిల్లలు త్రాగుదురు.

ప్రయోగశాలలో పరీక్ష

ఈ విషమునకు రుచి లేదు, వాసన లేదు. బూజు కనబడని గింజలోను ఉండవచ్చును. కనుక పరీక్ష ఒక్కటే నమ్మదగినది. గింజలను పొడిచేసి, మిథనాల్ కలిపిన నీటితో విషమును దిగదీయుదురు. ఆ ద్రవపు చుక్కను సిలికా పూత గల గాజు పలకపై వేసి, ద్రావణిలో నిలిపి, అతినీలలోహిత దీపము క్రింద చూతురు. బి రకపు విషము నీలముగాను, జి రకము పచ్చగాను మెరయును. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ తక్కువ ఖర్చుతో జరుపగల ఎలీసా పరీక్షను రూపొందించినది.

ఐరోపా దేశములలో నేరుగా తినెడి వేరుసెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించరాదు. అనగా వెయ్యి టన్నులలో 4 గ్రాములు మాత్రమే!

విషము అన్ని గింజలలో సమముగా ఉండదు. ఒక్క గింజలో మిక్కుటముగా ఉండి, ప్రక్కనున్న వేల గింజలలో ఏమియు లేకపోవచ్చును. కావున గుప్పెడు గింజలు పంపిన ప్రయోజనము లేదు. పలు బస్తాల పైభాగము, నడుమ, అడుగు నుండి తీసి, కొన్ని కిలోలు కలిపి పంపవలెను.

మీరు చేయవలసినవి

ఈ బూజు నేలలోనే నివసించును. కోతకు ముందు నెలలో బెట్ట తగిలినచో కాయలోనికి ప్రవేశించును.

1. నీటి వసతి యున్నచో ఆ నెలలో ఒక తడి ఇవ్వుడు.

2. పూత, ఊడల దశలో జిప్సం వేసినచో కాయ గట్టిపడును.

3. పంట పక్వమైన వెంటనే పీకుడు. కాయలు పైకి ఉండునట్లు మొక్కలను తిరగవేసి ఆరబెట్టుడు. పచ్చి కాయలను కుప్ప వేయరాదు.

4. కాయలో తేమ 8 శాతమునకు దిగువరాకు ఎండనిండు. ఊపినచో గలగలలాడవలెను.

5. ఒలుచుట సులభమగునని కాయలపై నీరు చల్లరాదు.

6. బస్తాలను నేలకు, గోడకు తగులకుండ చెక్కబల్లలపై పేర్చుడు.

7. బూజు పట్టినవి, పుచ్చినవి, రంగు మారినవి ఏరి చేనికి దూరముగా లోతైన గోతిలో పూడ్చుడు.

ఏరివేసిన గింజల ధర కొద్దిపాటిది. దానికి ఆశపడి ఇంటిల్లిపాది ఆరోగ్యమును పణముగా పెట్టవలదు. ప్రయోగశాల విషమును కనిపెట్టగలదేగాని తొలగింపజాలదు. అది పుట్టకుండ కాపాడుట మీ చేతిలోనే కలదు.