నోటిమాట.. సీటు కాదు!

ఆగస్టు 31, ఆదివారం. రాత్రి 11.50 అయింది. మర్నాడు లేబర్ డే సెలవు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోయినా ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోయేవాళ్లు కాదు. డైనింగ్ టేబుల్ మీద మా అమ్మాయి ఫోన్. దాని చుట్టూ నలుగురం.

సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి మా అమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ ఉదయం 9.20. మా వాలకం చూసి, ‘‘ఏంట్రా అలా కూర్చున్నారు? పెళ్లిచూపులకు వచ్చి వెళ్లినవాళ్ల కబురు కోసం చూస్తున్నట్టు!’’ అంది.

అందరం నవ్వేశాం. కానీ అమ్మ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

మేం ఉండేది మేరీల్యాండ్‌లోని హోవర్డ్ కౌంటీలో. మనకు క్రికెట్ ఎలాగో ఈ చుట్టుపక్కల లాక్రోస్ అలాగ. చివర వల ఉన్న కర్రతో చిన్న రబ్బరు బంతిని అందుకుంటూ, విసురుతూ ఆడే ఆట. ఇక్కడి మూలవాసుల నుంచి వచ్చింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ ఉంది. మా అమ్మాయి ఐదో తరగతిలో కర్ర పట్టుకుంది, మళ్లీ దించలేదు. ఇప్పుడు పదకొండో తరగతి. డివిజన్ 1 కాలేజీల లాక్రోస్ కోచ్‌లు పిల్లలతో రిక్రూటింగ్ గురించి మాట్లాడటానికి ఎన్‌సీఏఏ పెట్టిన తొలి తేదీ, పదకొండో తరగతి మొదలయ్యే సెప్టెంబరు 1. అందుకే ఆ అర్ధరాత్రి కాపలా.

ఎనిమిదో తరగతిలోనే మాటలు!

ఈ తేదీ ఊరికే రాలేదు. పదేళ్ల కిందట ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలే ఫలానా కాలేజీకి ‘కమిట్’ అయ్యామని చెప్పుకొనేవారు. హైస్కూల్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని పిల్లకు నాలుగేళ్ల తర్వాతి సీటు గురించి మాట! మన ఊళ్లలో ఒకప్పుడు ఉయ్యాలలో ఉన్న పిల్లను మేనబావకు ఇస్తామని అనుకునేవాళ్లే, అచ్చం అలాగే. పోటీ తట్టుకోలేక కోచ్‌ల సంఘాలే దీన్ని ఆపమని అడిగాయి. 2017 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ డివిజన్ 1 కౌన్సిల్ కొత్త నిబంధన తెచ్చింది.

దానికి ముందే ఆ సుడిలో పడిన కుటుంబం ఒకటి నాకు తెలుసు. వరంగల్ నుంచి వచ్చిన ఆయన నాకు అన్నయ్య లాంటివాడు. 2015లో వాళ్ల అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక కాలేజీ కోచ్ చోటు ఇస్తానన్నాడు. వీళ్లు సరే అన్నారు. కేక్ కోశారు. ఆ కాలేజీ టోపీ పెట్టుకుని ఫొటోలు దిగారు. మేమంతా వెళ్లి భోంచేసి వచ్చాం.

రెండేళ్లు గడిచాయి. ఆ కోచ్ వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినాయన, ‘‘నేను మాట ఇవ్వలేదు కదా’’ అన్నాడు. అప్పటికి మిగతా కాలేజీల్లో చోట్లు నిండిపోయాయి. అబ్బాయి కర్ర గరాజ్‌లో పడేశాడు.

‘‘మాట ఇస్తే తప్పకూడదని మావాడికి మేమే చెప్పాం. వేరే కోచ్‌లు పలకరిస్తే జవాబు కూడా ఇవ్వనివ్వలేదు. అవతలి వాళ్లకు ఆ పట్టింపే లేదు తమ్ముడూ’’ అన్నాడు అన్నయ్య. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

మాటకు, కాగితానికి మధ్య

తేదీ మారింది గానీ మాట స్వభావం మారలేదు. ‘వెర్బల్ కమిట్‌మెంట్’ అంటే నోటిమాటే. అటు కోచ్‌నీ కట్టిపడేయదు, ఇటు పిల్లనీ కట్టిపడేయదు. కట్టుబడేది పన్నెండో తరగతిలో సంతకాలయ్యాకే. ఏళ్లుగా ఉన్న ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ను 2024 అక్టోబరులో ఎత్తేశారు. ఇప్పుడు ఆర్థిక సాయం ఒప్పందమే ఆ కాగితం. ఇక ఐవీ లీగ్‌లో క్రీడా స్కాలర్‌షిప్పులే ఉండవు. కోచ్ ఎంత గట్టిగా చెప్పినా అక్కడ సీటు ఇచ్చేది అడ్మిషన్స్ ఆఫీసే.

నిరుడు ఇంకో దెబ్బ చూశాం. హౌస్ కేసు సెటిల్‌మెంట్ 2025 జూన్‌లో ఖరారైంది. అందులో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి వచ్చింది. లాక్రోస్‌లో అబ్బాయిల జట్టుకు 48, అమ్మాయిల జట్టుకు 38. అది ఖరారు కాకముందే కొన్ని కాలేజీలు చాలా ఆటల జట్లను కుదించాయి. చోటు ఖాయమనుకున్న పిల్లలకు ‘సారీ’ చెప్పాయి. చివరికి జడ్జి పట్టుబట్టాకే అలాంటివాళ్లకు మినహాయింపు దొరికింది. అదీ ఏ కాలేజీ అయినా తీసుకుంటేనే.

డబ్బు సంగతీ అంతే. ‘స్కాలర్‌షిప్’ అనగానే మనవాళ్లు ఫుల్ ఫ్రీ అనుకుంటారు. పాత పద్ధతిలో అమ్మాయిల జట్టు మొత్తానికి 12 స్కాలర్‌షిప్పులే. వాటినే ముప్పై మందికి పైగా పంచేవారు. ఇప్పుడు ఆ పరిమితి తీసేసినా, అదనంగా డబ్బు పెట్టాలన్న నిబంధనేమీ లేదు.

పది రోజుల గడువు

ఆ రాత్రి పన్నెండు దాటగానే మూడు మెసేజ్‌లు వచ్చాయి. మా ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంది. వారంలో ఒక కోచ్‌తో ఫోన్, తర్వాత ఆ కాలేజీకి వెళ్లి చూసి రావడం, ఆ వెంటనే ఆఫర్. ట్యూషన్‌లో పావు వంతు ఇస్తారు. పది రోజుల్లో చెప్పాలి.

నేను ఇంటికొచ్చి ఎక్సెల్ షీట్ తెరిచాను. ఆరేళ్ల క్లబ్ ఫీజులు, హోటళ్లు, పెట్రోలు, కర్రలు అన్నీ అందులో ఉన్నాయి. పిల్ల మైదానంలో గోల్స్ కొడుతుంటే నేను మడత కుర్చీలో కూర్చుని, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని రాసుకున్న లెక్కలవి. ఒప్పుకోవాలనే నాకు తీర్పు కనిపించింది.

మా అమ్మాయికి నర్సింగ్ చదవాలని ఉంది. కోచ్‌ని తనే అడిగింది. ‘‘మీ జట్టులో నర్సింగ్ వాళ్లు ఎంతమంది?’’ ఆమె నిజాయతీగానే చెప్పింది. ఇప్పుడు ఎవరూ లేరట. ఆసుపత్రి క్లినికల్స్‌కు, ప్రాక్టీసుకు పొసగక ఇద్దరు మేజర్ మార్చుకున్నారట.

రాత్రి భోజనాల దగ్గర నేనన్నాను. ‘‘ముందు సరే అను అమ్మలూ. ఎలాగూ అది నోటిమాటే. ఇంతకన్నా మంచిది వస్తే అప్పుడు చూద్దాం.’’

అది తలెత్తి నా వైపు చూసింది. ‘‘మాట ఇచ్చి తప్పకూడదని నువ్వేగా చెప్పావు నాన్నా?’’

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అన్నయ్య కొడుకు విషయంలో ఆ కోచ్‌ని తిట్టిన నోటితోనే నేను ఈ సలహా ఇచ్చాను. పదో రోజున అమ్మాయి తనే ఫోన్ చేసి, థ్యాంక్స్ చెప్పి, వద్దంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి పట్టింది.

అడగాల్సినవి అడగండి

ఈ దారిలో ఉన్న మన కుటుంబాలకు నాకు తెలిసినంతలో నాలుగు మాటలు. కోచ్‌తో పిల్లల్నే మాట్లాడనివ్వండి. ‘మా అమ్మాయి కాలికి దెబ్బ తగిలితే సాయం ఏమవుతుంది? మీరు వెళ్లిపోతే? కాగితం ఎప్పుడిస్తారు? ఎంత శాతం, ఎన్నేళ్లకు?’ అని అడిగించండి. ఆట తీసేసినా ఆ కాలేజీలో చదువుతానని పిల్ల అంటేనే ముందుకెళ్లండి.

పిల్లలు హెచ్-4 మీద ఉంటే ఇంకో లెక్క ఉంది. క్రీడా స్కాలర్‌షిప్‌కు పౌరసత్వం అడ్డు కాదు గానీ ఫెడరల్ సాయం రాదు. 21 ఏళ్లు నిండితే డిపెండెంట్ వీసా పోతుంది, అది డిగ్రీ మధ్యలోనే రావచ్చు. ఆఫర్ చేతిలో పెట్టుకుని కాదు, అంతకు ముందే లాయర్‌ని కలవండి.

మా అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ ఉన్న రెండు డివిజన్ 3 కాలేజీలు చూస్తోంది. అక్కడ ఆటకు డబ్బివ్వరు. మార్కులకు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయమే. ఇంకా ఏదీ తేలలేదు. నా ఎక్సెల్ షీట్ తెరిచే ఉంది.

మొన్న అమ్మ మళ్లీ వీడియో కాల్ చేసి, ‘‘పెళ్లివారు ఏమన్నారే?’’ అని మనవరాలిని అడిగింది.

‘‘వాళ్లు చూడటం అయిపోయింది నానమ్మా. ఇప్పుడు నేను చూస్తున్నా!’’ అంది మా అమ్మాయి.