కంటి నరం వాపు: పిల్లల లెక్క వేరు

కంటి నరం వాపు చికిత్సకు వైద్యులు నేటికీ ఉదహరించే అమెరికా పరిశోధన ఫలితాలు 1992లో వచ్చాయి. అందులో చేరినవారు 457 మంది, అందరూ 18 నుంచి 46 ఏళ్లవారే. పిల్లలు ఒక్కరూ లేరు. సెలైన్‌తో ఎక్కించిన స్టెరాయిడ్ చూపును త్వరగా తెచ్చింది గానీ, చివరికి మిగిలిన చూపులో పెద్ద తేడా చూపలేదు. తక్కువ మోతాదు మాత్రలే వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం పెరిగింది.

పిల్లలకు ఇంతటి పరీక్ష జరగనే లేదు. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉన్నది 44 మంది. జబ్బుపడిన కంటి చూపు మొదట సగటున 6/60; ఆరు నెలలకు దాదాపు 6/7.5. అంటే కోలుకునే శక్తి పిల్లల్లో ఎక్కువే. అయితే సగటు అందరి కథా చెప్పదు.

గుర్తుపట్టడమే కష్టం. ఒక కన్ను బాగుంటే పిల్లలు చూపు తగ్గిందని చెప్పరు. ఒక్కో కన్ను మూసి చదివించాలి, ఎరుపు వెలిసినట్టుందా అని అడగాలి. టార్చి వేసి రెండు కంటిపాపలనూ పోల్చే పరీక్ష ఉంది గానీ, రెండు కళ్లూ సమానంగా దెబ్బతింటే తేడా దొరకదు. పిల్లల్లో రెండు కళ్లకూ రావడం పెద్దల్లో కంటే ఎక్కువ. మెదడులో ఒత్తిడి పెరిగినా నరం మొదలు ఉబ్బుతుంది కాబట్టి ఎమ్మారై తప్పదు.

మోతాదు బరువును బట్టి: కిలోకు రోజుకు 20–30 మిల్లీగ్రాముల మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, సెలైన్‌తో 3 నుంచి 5 రోజులు. 20 కిలోల పిల్లకు 30 చొప్పున 600. ఎంత బరువున్నా 1000 దాటదు. జబ్బు దానికి లొంగకపోతే ప్లాస్మా మార్పిడి, సాధారణంగా 5 నుంచి 7 విడతలు.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది కంటి నరాన్ని దెబ్బతీసే మాగ్, అక్వాపోరిన్-4 యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష. వీలైతే చికిత్సకు ముందే రక్తం తీయాలి. అక్వాపోరిన్ ఉంటే దీర్ఘకాలం మందులు కావాలి. మాగ్ రకం స్టెరాయిడ్‌కు చప్పున లొంగుతుంది, మందు తొందరపడి తగ్గిస్తే తిరగబెడుతుంది. చూపు వచ్చేసిందని, సెలైన్ తర్వాత ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మీరే ఆపేయకండి.