చదివింపుల పుస్తకం లేని స్నేహం

ఆడవాళ్ల స్నేహాలకు ముప్ఫై నుంచి నలభై దాకా ఉన్న వయసు పెద్ద పరీక్ష. ఇరవై రెండేళ్లప్పుడు ఒకే హాస్టల్ గదిలో ఉన్న ఇద్దరి బతుకూ దాదాపు ఒకటే: అదే డిగ్రీ, అదే నీళ్ల సాంబారు, నెలాఖరుకు అదే ఖాళీ పర్సు. ముప్ఫై నాలుగు వచ్చేసరికి ఒకామె సొంత ఫ్లాటులో ఇద్దరు పిల్లలతో సతమతమవుతుంటుంది. రెండో ఆమెకు పెళ్లయి ఏడేళ్లయినా కడుపు పండలేదు, లేదా సంబంధాలు చూసీ చూసీ ఇంట్లోవాళ్లు విసిగిపోయారు. పెళ్లి, కాన్పు, ఇంటి లోను, ప్రమోషను, విడాకులు, అమ్మానాన్నల జబ్బులు చాలామందికి ఈ పదేళ్లలోనే వచ్చి పడతాయి, కానీ అందరికీ ఒకే వరసలో రావు. నిన్నటిదాకా పక్కపక్కన నడిచినవాళ్లలో ఒకరు ముందుకు పోయినట్టూ, ఇంకొకరు దారిలో ఆగిపోయినట్టూ అనిపించడం ఇక్కడే మొదలవుతుంది.

అసూయకు దగ్గరితనం కావాలి. సినిమా తార బంగళా కొంటే ఎవరికీ నిద్ర చెడదు. పక్క బెంచీ అమ్మాయి గృహప్రవేశం ఫొటో మాత్రం రాత్రంతా కళ్లముందు తిరుగుతుంది. వయసులో, ఊళ్లో, పరువులో దగ్గరగా ఉన్నవాళ్ల మీదే అసూయ పుడుతుందని అరిస్టాటిల్ ఏనాడో రాశాడు. తానెక్కడున్నదీ తేల్చుకోవడానికి వేరే కొలబద్ద దొరకనప్పుడు మనిషి తనలాంటివాళ్లతో పోల్చుకుంటాడని 1954లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ సిద్ధాంతీకరించాడు. 1980లో అబ్రహాం టెసర్ మరో పరిశోధకుడితో కలిసి ప్రచురించిన ప్రయోగం ఇంకా లోతుకు వెళ్లింది. ఎదుటివాళ్లు ఒక పదాన్ని కనుక్కునేలా క్లూలు ఇవ్వాలి. ఇది ఉత్త ఆటే అన్నప్పుడు జనం స్నేహితులకు తేలికైన క్లూలు ఇచ్చారు. ముఖ్యమైన తెలివికి పరీక్ష అన్నప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లకంటే స్నేహితులకే కష్టమైనవి ఇచ్చారు. తాను ప్రాణం పెట్టుకున్న విషయంలో తన మనిషే తనను దాటిపోతే అంత నొప్పిగా ఉంటుంది. ఆ నొప్పిని చూసి ‘కుళ్ళుబోతు’ అని ముద్ర వేయడం అన్యాయం.

నొప్పి బయటపడే తీరు మాత్రం స్నేహాన్ని కోసేస్తుంది. ఉన్న గుణంలోనూ దోషాన్ని ఆరోపించడమే అసూయ అని అమరకోశం నిర్వచనం. ‘‘ఇల్లు బాగుందే, కానీ బాల్కనీలోకి ఎండ రాదు కదా’’ అన్న మాట అదే. ‘‘దానికేం, మామగారు డబ్బులిచ్చారు’’ అన్నదీ అదే. మహాభారతం ఆదిపర్వంలో జలక్రీడకు వెళ్లిన గురువు కూతురు దేవయాని, రాచబిడ్డ శర్మిష్ఠల బట్టలు గాలికి కలిసిపోతే, దేవయానివి శర్మిష్ఠ కట్టుకుంటుంది. తగవు బట్టల దగ్గర ఆగదు. ఎవరి తండ్రి గొప్పవాడన్న దాని మీదికి పోయి, చివరికి దేవయాని నూతిలో పడేదాకా వెళ్తుంది. రాచబిడ్డకూ గురువు కూతురికీ మధ్య అప్పటిదాకా ఎవరూ ఎత్తని హోదా లెక్క ఆ ఒక్క పొరపాటుతో బయటికొచ్చింది.

అసూయకంటే ఎక్కువ స్నేహాలను తినేసేది తీరని ఆశ. జెఫ్రీ హాల్ అనే అమెరికన్ పరిశోధకుడు 8,000 మందికి పైగా మనుషుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2011లో విశ్లేషిస్తే, మగవాళ్లకంటే ఆడవాళ్లు స్నేహం నుంచి ఎక్కువ ఆశిస్తారని తేలింది. ముఖ్యంగా నమ్మకం, విధేయత, మనసు విప్పి చెప్పుకోవడం. అంత ఆశించేవాళ్లకు ఆ ఆశ తీర్చే తీరిక ఈ వయసులోనే కరువు. భారత ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు అందులోనే గడుపుతారు, ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు 88 నిమిషాలు. ఫోను ఎత్తని స్నేహితురాలికి గర్వం వచ్చిందనుకునే ముందు ఈ అంకెలు గుర్తుకు రావాలి.

పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఒకటి ఉంటుంది. ఫలానావారు 1,116 రూపాయలు అని అందులో రాసి ఉంటే, వాళ్లింట్లో శుభకార్యానికి అంతకు తగ్గకుండా పెట్టాలని అందరికీ తెలుసు. స్నేహానికి అలాంటి పుస్తకం లేదు. అయినా లెక్క ఉంటుంది. ఇద్దరూ చెరొకటి మనసులోనే రాసుకుంటారు కాబట్టి ఆ రెండు లెక్కలూ కలవవు. ‘తన కాన్పుకు మూడు రాత్రులు ఆసుపత్రిలో కూర్చున్నాను, నా ఆపరేషన్‌కు తను మెసేజ్‌తో సరిపెట్టింది’ అని ఒక లెక్కలో ఉంటుంది. ‘పాలు తాగే బిడ్డను పెట్టుకుని ఎలా వచ్చేది, అది తనే అర్థం చేసుకోవద్దా’ అని రెండో లెక్కలో ఉంటుంది. అడిగితే చిన్నతనమని ఒకరూ, చెప్పుకుంటే సాకులా ఉంటుందని ఇంకొకరూ మౌనంగా ఉంటారు. పుట్టినరోజుకు వెళ్లే పొడుగాటి మెసేజ్ రెండు మాటలకు కుదించుకుపోతుంది.

విదేశాలకు వెళ్లినవాళ్ల స్నేహాల్లో ఈ తేడా మరీ బయటికి కనబడుతుంది. ఒకే బ్యాచ్‌లో ఇంజనీరింగ్ చేసిన ఇద్దరిలో ఒకామె అమెరికాలో హెచ్-1బి వర్క్ వీసా మీద ఉద్యోగం చేస్తుంటే, పెళ్లి చేసుకుని హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వెళ్లిన రెండో ఆమెకు పనిచేసే హక్కు ఉండదు. 2015 నుంచి కొందరికి అనుమతి దొరుకుతోంది, కానీ అది భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. పరీక్షల్లో తనకంటే తక్కువ మార్కులు తెచ్చుకున్న స్నేహితురాలు ఆఫీసు కబుర్లు చెబుతుంటే, వంటింట్లో నిలబడి ‘ఊఁ’ కొట్టడం చిన్న బాధ కాదు. ఇక్కడున్న వాళ్లకేమో ఆమె పెట్టే మంచు ఫొటోలే కనబడతాయి.

అన్నిటికంటే కఠినమైనది పిల్లల విషయం. సీమంతంలో చూలాలికి పసుపు రాసి, గంధం పూసి, గాజులు తొడుగుతారు. ‘‘పిల్లల తల్లులు ముందు రండమ్మా’’ అని పెద్దావిడ ఒకరు పిలుస్తుంది. ఐవీఎఫ్ సూదులు పొడిపించుకుంటూ ఆ ఫంక్షన్‌కు వచ్చిన ప్రాణ స్నేహితురాలు పక్కకు జరిగి, తాంబూలం పళ్లాలు సర్దుతున్నట్టు నిలబడుతుంది. బాధపడుతుందని పిలవకుండా ఊరుకుంటే సంగతి వాట్సాప్ స్టేటస్‌లో తెలుస్తుంది. ఆ గాయం ఇంకా పెద్దది, ఎందుకంటే తనను తప్పించారని అర్థమవుతుంది, దిష్టి పెడుతుందనుకున్నారేమో అన్న అనుమానమూ మిగిలిపోతుంది.

కడుపుతో ఉన్నామె ముందుగా ఒక్క పని చేయగలదు. నలుగురితోపాటు గ్రూపులో కాకుండా, ఎదురుగా నిలబెట్టి కూడా కాకుండా, విడిగా ఒక మెసేజ్‌లో కబురు చెప్పడం. అప్పుడు రెండో ఆమెకు మొహాన నవ్వు పులుముకోవాల్సిన పని ఉండదు, తలుపేసుకుని ఏడ్చే వెసులుబాటు ఉంటుంది. ఒకట్రెండు రోజులాగి ఆమెకు వీలు చూసుకుని ఫోన్ చేసి, ‘‘నువ్వు వస్తే నా పక్కనే కూర్చో, గాజుల దగ్గరికి నిన్నెవరూ పిలవకుండా అమ్మకు చెబుతాను. రాలేనంటే ఏమీ అనుకోను, ఆదివారం నేనే మీ ఇంటికి వస్తాను’’ అనొచ్చు.