నీటిని లాగే మందు

మాగాయకు మామిడి ముక్కలను ఉప్పు కలిపి జాడీలో ఉంచుతారు. మూడోనాటికి ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఎవరూ నీరు పోయలేదు. మరి ఆ ఊట ఎక్కడిది? ముక్కల్లోనిదే! బయట ఉప్పు గాఢత ఎక్కువ కావడంతో కణాలలోని నీరు పొరలు దాటి బయటికి వచ్చింది. దీనినే ద్రవాభిసరణం అంటారు. ఇదే సూత్రంతో పనిచేసే మందు ఒకటి ఆసుపత్రులలో ఉంది. దాని పేరు మానిటాల్.

ముందు మూత్రపిండాల పని చూద్దాం. కొవ్వూరుకు దిగువన విజ్జేశ్వరం వద్ద గోదావరి నీరు పశ్చిమ డెల్టా కాలువలోకి మళ్ళుతుంది. పొలాలు తమకు కావలసినది తీసుకోగా, మిగిలినది మురుగు కాలువల్లో పడుతుంది. మూత్రపిండాలలోనూ ఇంచుమించు ఇదే ఏర్పాటు. గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు వీటికి చేరుతుంది. ఒక్కొక్క దానిలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. వాటి మొదట్లో ఉన్న రక్తనాళాల గుచ్ఛాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. ఇందులో 99 శాతం నీటిని నాళికలు తిరిగి రక్తానికి అందిస్తాయి. మూత్రంగా పోయేది ఒకటిన్నర లీటర్లే.

మానిటాల్‌ను సిరలోకి ఎక్కించినప్పుడు అది కణాలలోకి దాదాపు చొరబడదు. వాటి బయటే ఉండి లోపలి నీటిని లాగుతుంది. అందువల్ల మొదట రక్తం ఘనపరిమాణం పెరుగుతుంది, చిక్కదనం తగ్గుతుంది, మూత్రపిండాలకు రక్త ప్రవాహం హెచ్చుతుంది. తరువాత మానిటాల్ వడపోతలో నాళికలలోకి దిగుతుంది. నాళికలు దానిని దాదాపు పీల్చుకోలేవు. అది తనతోపాటు నీటినీ పట్టి ఉంచుతుంది. మూత్రపిండం లోపలి భాగమైన దవ్వలోని ఉప్పదనం మామూలుగా నీటిని వెనక్కి లాగుతుంది. హెచ్చిన రక్త ప్రవాహంతో ఆ ఉప్పదనమూ కొంత తగ్గిపోతుంది. ఇక మూత్రం ధారాళంగా వస్తుంది.

తలకు దెబ్బ తగిలి మెదడు వాస్తే, గట్టి పుర్రెలో దానికి చోటు చాలదు. అప్పుడు మానిటాల్ మెదడులోని నీటిని లాగి ప్రాణం నిలబెట్టగలదు. కాని గుండె బలహీనమైనా, మూత్రపిండాలు మూత్రం తయారుచేయకపోయినా, లాగిన నీరు పోయే దారి ఉండదు. రక్తం పొంగి, నీరు ఊపిరితిత్తులలోకి చేరవచ్చు. అందుకే డాక్టర్లు మూత్రం ఎంత వస్తున్నదో కొలుస్తూ ఈ మందు ఇస్తారు. దెబ్బతింటున్న మూత్రపిండాలను ఇది కాపాడుతుందని ఒకప్పుడు ఆశించారు. పరిశోధనలు ఆ ఆశను బలపరచలేదు. పైగా మోతాదు మించితే ఇదే మూత్రపిండాలకు హాని చేస్తుంది.

మందు లేకుండానే ఇలాంటిది జరిగే సందర్భం ఒకటుంది. అదే మధుమేహం. రక్తంలో చక్కెర 100 మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే, నాళికలు దానినంతా తిరిగి పీల్చుకోలేవు. మిగిలిన చక్కెర నీటిని వెంట తీసుకుపోతుంది. అతిమూత్రం, దాని వెనుకే అతిదాహం! మూత్రానికి చీమలు పట్టడాన్ని మన ప్రాచీన వైద్యులు ఏనాడో గుర్తించారు. మీ ఇంట్లో పెద్దవారు రాత్రిళ్ళు పదేపదే లేస్తూ, ఎంత తాగినా దాహం తీరడం లేదంటే, వారికి రక్త పరీక్ష చేయించమని చెప్పండి. దాహమని నీళ్ళు మానిపించకండి. పోయిన నీటినే శరీరం తిరిగి అడుగుతున్నది.